గోడ మీది బూజు: మీ ప్రశ్నలు, మా జవాబులు

తెలుగులో సాలెగూడూ బూజే, వానాకాలం గోడ మీద పుట్టే నల్ల మచ్చలూ బూజే. మొదటిది బూజుకర్రతో దులిపితే పోతుంది. రెండోదాన్ని అలాగే దులిపితే ఇల్లంతా పంచిపెట్టినట్టే. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ రెండో బూజు గురించే. గోడలు, పైపుల సంగతి సివిల్ ఇంజనీరు, దగ్గు, ఆయాసం సంగతి ఊపిరితిత్తుల వైద్యులు చూసి రాసిన జవాబులివి.

ప్రశ్న: మాది అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. బాత్రూముకు ఆనుకున్న పడకగది గోడ మీద నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా నల్లగా బూజు పడుతోంది. రెండుసార్లు గీకించి, లప్పం పెట్టించి, ఫంగస్ పట్టదని చెప్పిన ఖరీదైన రంగే వేయించాం. నాలుగు నెలల్లో మళ్ళీ వచ్చింది. రంగు మంచిది కాదా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: రంగు తప్పేమీ లేదమ్మా. దాని వెనక నీళ్ళున్నాయి. బూజు విత్తనాలు, అంటే స్పోర్లు, గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వాటిని ఇంట్లోకి రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. గోడ పొడిగా ఉంటే అవి ఊరికే పడి ఉంటాయి, తడి తగిలితే రెండు రోజుల్లో మొలకెత్తుతాయి. కాబట్టి ఆ నీళ్ళు ఎక్కడివో తేలేదాకా పెయింటర్‌ను పిలవకండి.

మొదటి పరీక్షకు ఖర్చు లేదు. మచ్చ ఉన్నచోట అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ కాగితం పరిచి, నాలుగు వైపులా గాలి చొరకుండా వెడల్పాటి టేపు అంటించండి. 24 గంటలయ్యాక చూడండి. కాగితానికి గది వైపు చెమర్చితే గదిలో గాలి తేమ ఎక్కువని. గోడ వైపు, అంటే కాగితం లోపల, నీటి బొట్లు కడితే తడి గోడలోంచి వస్తున్నట్టు. మీరు చెప్పిన దాన్ని బట్టి రెండోదే అయ్యుంటుంది.

మచ్చ ఎత్తు కూడా చాలా చెబుతుంది. నేల నుంచి రెండు మూడడుగుల లోపే ఉంటే బాత్రూము నేల, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్ళు బయటికి పోయే జాలీ కింది గొట్టం) అనుమానితులు. కుళాయిల వరుసలో అడ్డంగా పట్టీలా ఉంటే గోడలో పూడ్చిన పైపు. సీలింగు దగ్గర మొదలై కిందికి దిగుతుంటే పై ఫ్లాటు వాళ్ళ బాత్రూము. వాన కురిసిన వారంలోనే కనిపించి తర్వాత ఆరిపోతుంటే బయటి గోడలో పగులు, లేదా సన్‌షేడ్ మీద నిలిచే నీళ్ళు.

పైపు సంగతి ముందు తేల్చండి. ప్లంబర్ల దగ్గర చేత్తో కొట్టే ప్రెషర్ పంపు ఉంటుంది. కుళాయిలన్నీ కట్టేసి, దాన్ని లైనుకు తగిలించి ఒత్తిడి ఎక్కించాక గేజీ ముల్లు గంటసేపు కదలకుండా నిలబడితే పైపులో లీకు లేదు. ముల్లు దిగుతుంటే గోడ పగలగొట్టే ముందు వేడినీళ్ళ లైను, చన్నీళ్ళ లైను విడివిడిగా చూడమనండి. సగం గోడ మిగులుతుంది.

తర్వాత నేల. నహానీ ట్రాప్‌ను గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ కవరుతో బిగించి మూసి, నేల మీద అంగుళం ఎత్తు నీళ్ళు నిలపండి. గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత గీయండి. పక్కనే ఒక బేసిన్‌లో నీళ్ళు పోసి దానికీ గీత పెట్టండి. ఆవిరైపోయేది ఎంతో బేసిన్ చెబుతుంది. 24 గంటల్లో నేల మీది నీళ్ళు బేసిన్‌లో కంటే ఎక్కువ దిగితే, ఆ తేడా మీ పడకగది గోడలోకో కింది ఫ్లాటు సీలింగులోకో పోయినట్టు. ఈ బేసిన్ పెట్టకుండా ‘నీళ్ళు తగ్గాయండీ, టైల్స్ అన్నీ లేపాల్సిందే’ అనే మేస్త్రీ మాట నమ్మకండి.

లీకు టైల్స్ సందుల్లోంచే అయితే అన్నీ పగలగొట్టక్కర్లేదు. సందుల్లో వైట్ సిమెంటు ఏళ్ళు గడిచేసరికి పొడిపొడిగా కొట్టుకుపోతుంది. దాన్ని కనీసం మూడు మిల్లీమీటర్ల లోతు గీకి తీసి, ఆరనిచ్చి, ఎపాక్సీ గ్రౌటు నింపించండి. ఒక రోజంతా ఆ బాత్రూము వాడకండి. లీకు ట్రాప్ చుట్టూ ఉంటే అక్కడ అడుగు మేర టైల్స్ తీసి, ట్రాప్ మెడ చుట్టూ వాటర్‌ప్రూఫ్ పూత రెండు కోట్లు వేసి, మళ్ళీ నీళ్ళు నిలిపి చూశాకే టైల్స్ పరిపించాలి. ఈ రెండో పరీక్ష దాటేసే పనివాళ్ళే ఎక్కువ, డబ్బు ఇచ్చేది దాని తర్వాతే అని ముందే చెప్పండి.

అప్పుడిక పడకగది గోడ. తడిపి గీకి, లప్పం పూర్తిగా తీసేసి, ప్లాస్టరింగు బయటపడేలా వదిలేయండి. చూడటానికి బాగుండదు, అయినా మూడు నాలుగు వారాలు అలాగే ఉంచాలి. మళ్ళీ పాలిథిన్ పరీక్ష పెట్టి, లోపల బొట్లు కట్టకపోతేనే ఫంగస్ నివారణ ద్రావణం, ప్రైమర్, సిమెంటు ఆధారిత లప్పం, రంగు. తడి గోడ మీద ప్లాస్టిక్ రంగు వేస్తే లోపలి నీరు బయటికి రాలేక బొబ్బలు లేస్తుంది. మీకు రెండుసార్లూ జరిగింది అదే.

ప్రశ్న: బాత్రూము టైల్స్ మీది నల్లటి బూజుకు బ్లీచింగ్, టాయిలెట్ కడిగే యాసిడ్ కలిపి పోస్తే ఒక్క దెబ్బకు పోతుందని మా పనమ్మాయి అంటోంది. చేయొచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ససేమిరా వద్దు. బ్లీచింగ్‌లో యాసిడ్ పడగానే క్లోరిన్ గ్యాసు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్రూములో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. అమోనియా ఉన్న గాజు క్లీనరు కలిపినా విషవాయువే. వెనిగరూ యాసిడే, దాన్నీ బ్లీచింగ్‌తో కలపకూడదు. పొరపాటున కలిసి కళ్ళు మండితే కడగడానికి ఆగకుండా బయటికి వచ్చేయండి. దగ్గు తగ్గకపోతే, ఆయాసంగా ఉంటే ఆసుపత్రికి వెళ్ళండి.

సరైన పద్ధతి ఇదీ. కిటికీ తెరిచి, మిగతా గదుల వైపు తలుపు మూయండి. ఫ్యాను కట్టేయండి, అది స్పోర్లను ఊదేస్తుంది. ఎన్95 మాస్కు, రబ్బరు గ్లవుజులు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. గుడ్డ మాస్కు ఈ పనికి చాలదు, ఈ స్పోర్లు చాలావరకు రెండు నుంచి పది మైక్రాన్ల సైజువి. ముందు లీటరు నీళ్ళలో చెంచాడు డిటర్జెంటు కలిపి మచ్చను తడిపి తుడవండి. పొడిగా ఉండగా బ్రష్షు వేయకూడదు. తుడిచిన గుడ్డ కవర్లో కట్టి పారేయండి. శుభ్రంగా కడిగాక, టైల్స్, గాజు లాంటి నీరు పీల్చని వాటికి మాత్రమే, లీటరు నీళ్ళకు 60 మిల్లీలీటర్లకు మించకుండా హైపోక్లోరైట్ బ్లీచింగ్ ద్రావణం కలిపి పూసి పది నిమిషాలుంచి కడిగేయండి.

సున్నం, లప్పం, చెక్క మీద బ్లీచింగ్ దండగ. పైన రంగు తెల్లబడుతుంది, అందులోని నీరు లోపలికి ఇంకి వేర్లకు తడి అందిస్తుంది. పైగా చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెస్తుంది. చంపడం కంటే తీసేయడం ముఖ్యం. మచ్చ మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మించితే సొంతంగా మొదలుపెట్టకండి, తగిన సరంజామా ఉన్న పనివాళ్ళకు అప్పగించండి.

ప్రశ్న: ఏసీ గదికీ హాలుకీ మధ్య గోడకు హాలు వైపు బీరువా ఉంది. దాని వెనక గోడంతా బూజు, లోపల పట్టుచీరల మీద తెల్ల మచ్చలు. పైపులేమీ లేవు, పైకప్పు కారడం లేదు. కలరా ఉండలు వేస్తూనే ఉన్నాం.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ ఇంట్లో నీళ్ళు గాలిలోవి. చల్లటి మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెడితే బయట చెమట పడుతుందే, మీ గోడకూ అదే అవుతోంది. సముద్రపు ఒడ్డున ఆగస్టు, సెప్టెంబరు సాయంత్రం హాల్లో 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలి 28 డిగ్రీల కంటే చల్లనిది ఏది తాకినా నీరు వదిలేస్తుంది. ఏసీ 18లో ఉంటే నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ హాలు వైపు కూడా సుమారు 28కి దిగిపోతుంది. అక్కడ బీరువా అడ్డం ఉంటే హాలు వేడి గోడకు తగలదు కాబట్టి ఇంకా చల్లబడుతుంది. ఫ్యాను గాలి చేరదు, వెలుతురు చేరదు. బూజుకు అంతకంటే ఏం కావాలి?

ఏసీ 26లో పెట్టండి, ఆ గోడ 30 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. బీరువాను గోడ నుంచి కనీసం మూడంగుళాలు జరపండి, వీలైతే వేరే గోడకు మార్చేయండి. గదిలో తేమ 60 శాతం లోపు ఉంటే బూజు భయం పోయినట్టే. తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అది లేకపోయినా వంటింట్లో ఒకటుంది. డబ్బాలో మెత్తటి ఉప్పు తడిసి ముద్ద కట్టిందంటే గాలిలో తేమ 75 శాతం దాటిందని లెక్క. కల్లుప్పు ఇంకా ముందే చెమరుస్తుంది. ఉప్పు నీరు కారే రోజుల్లో కిటికీలు తెరిచి ‘గాలి ఆడనివ్వడం’ వల్ల తేమ ఇంకా లోపలికి వస్తుంది. వాన వెలిసి ఎండ పొడచూపిన మధ్యాహ్నం తెరవండి.

కలరా ఉండలు పురుగులకు, బూజును అవి ఆపవు. అన్నట్టు, పసిపిల్లల బట్టల్లో అవి అసలు వేయకండి. పుట్టుకతో జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు ఆ ఆవిరితో ఎర్రరక్తకణాలు చిట్లి కామెర్లు వస్తాయి. బీరువాలో సిలికా జెల్ సంచులు పెట్టి, రంగు మారే రకమైతే మారగానే పెనం మీద సన్నటి మంట మీద వేడిచేసి మళ్ళీ వాడుకోండి. చీరల మచ్చలు మెత్తటి పొడి గుడ్డతో ఆరుబయట తుడిచి, నీడలో గాలికి ఆరేసి, తర్వాత డ్రైక్లీనింగుకు ఇవ్వండి. ప్లాస్టిక్ కవర్లు తీసేసి నూలు గుడ్డలో చుట్టండి.

ప్రశ్న: మా నాన్నగారికి షుగరు. ఆయన గదిలో గోడ మీద నల్ల బూజు చూసి, కరోనాలో వచ్చిన బ్లాక్ ఫంగస్ ఇదేనని బంధువులు భయపెడుతున్నారు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇది అది కాదు. 2021లో చాలామందిని బలిగొన్న జబ్బు పేరు మ్యూకార్‌మైకోసిస్. దాని శిలీంధ్రాలు మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో, పాడైన పండ్లు, రొట్టెల మీద పెరుగుతాయి. వాటి రంగు నలుపు కూడా కాదు. అవి రక్తనాళాలను మూసేయడంతో ముక్కులో, అంగిట్లో కండ చచ్చి నల్లబడుతుంది, పేరు అందుకొచ్చింది. అదుపు లేని షుగరు, మోతాదు మించిన స్టెరాయిడ్లు దానికి దారి తీశాయి. మీ గోడ మీదిది సాధారణంగా క్లాడోస్పోరియం, ఆస్పర్‌జిల్లస్ రకాలది. రంగును బట్టి ప్రమాదం ఇంత అని చెప్పలేం, ఆకుపచ్చదీ తెల్లదీ కూడా మంచివి కావు.

అయినా నాన్నగారిని ఆ గదిలోంచి మార్చండి, శుభ్రం చేసేటప్పుడు ఇంట్లోనే ఉండనివ్వకండి. షుగరు అదుపులో లేనివారు, కీమోథెరపీలో ఉన్నవారు, కిడ్నీ మార్పిడి జరిగినవారు, రోజూ స్టెరాయిడ్ మాత్రలు వేసుకునేవారు బూజు గీకే పని పెట్టుకోకూడదు. ముఖం ఒకపక్క నొప్పి, వాపు, ముక్కులో నల్లటి చెక్కులు, ఒకటి రెండుగా కనిపించడం, వీటిలో ఏది వచ్చినా గోడ సంగతి వదిలేసి అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్ళు. రాత్రిళ్ళు దగ్గు. గదిలో ఒక మూల చెమ్మ ఉంది. ఇంటి గాలిలో ఎంత ఫంగస్ ఉందో పరీక్ష చేస్తామని ఒకరు వేలల్లో అడుగుతున్నారు. చేయించమంటారా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: ఆ డబ్బు ప్లంబరుకు ఇవ్వండమ్మా. గాలిలో ఇన్ని స్పోర్లుంటే క్షేమం, ఇన్నుంటే ప్రమాదం అని ఒప్పుకున్న అంకె ఎక్కడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెమ్మ, బూజు మీద వెలువరించిన మార్గదర్శకాల్లోనూ అలాంటి హద్దు పెట్టలేదు. కంటికి కనిపించినా, ముక్కిన వాసన వచ్చినా తీసేయాలి. రిపోర్టు చెప్పేది అంతకు మించి ఉండదు.

దానికి బదులు రెండు వారాలు ఒక కాగితం మీద రాయండి. దగ్గు ఏ వేళ వస్తోంది, పిల్లికూతలు ఉన్నాయా, బడిలో ఎలా ఉన్నాడు, అమ్మమ్మగారింట్లో నాలుగు రోజులుంటే తగ్గిందా? ఇంటికి రాగానే మళ్ళీ మొదలైతే అది గట్టి ఆధారం. ఆ కాగితం డాక్టరుకు చూపించండి. ఈలోపు మంచం వేరే గదిలో వేయండి, అదీ కుదరకపోతే చెమ్మ గోడకు దూరంగా. గోడకు ఆనుకున్న దూది పరుపు వెనక వైపు తిప్పి చూడండి, చాలాసార్లు బూజు అక్కడే ఉంటుంది. దాన్ని ఎండబెట్టి వాడటం కాదు, తీసేయడమే. ఎయిర్ ప్యూరిఫయరు గాలిలో తిరిగే స్పోర్లను కొంత పడుతుంది, గోడ మీద పుట్టేవాటిని ఆపదు.

డాక్టరు ఇన్‌హేలర్ ఇస్తే మానేయకండి. అలవాటైపోతుందన్నది అపోహ. బాబు డొక్కలెగరేస్తున్నా, ఆయాసంతో మాట పూర్తిచేయలేకపోతున్నా తెల్లవారేదాకా ఆగొద్దు.

పెద్దవాళ్ళకూ ఒక మాట. మందులు వాడుతున్నా ఆస్తమా అదుపులోకి రాక, కళ్ళెలో గోధుమరంగు ముద్దలు పడుతుంటే ఆస్పర్‌జిల్లస్ ఎలర్జీకి రక్తపరీక్ష చేయమని అడగండి. పాత గడ్డి, ముక్కిన ధాన్యం కదిపిన నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో జ్వరం, దగ్గు, ఆయాసం పదే పదే వస్తుంటే అది జలుబు కాకపోవచ్చు. నిర్లక్ష్యం చేస్తే ఊపిరితిత్తి మచ్చబడి గట్టిపడుతుంది. టీబీ నయమైనవారి ఊపిరితిత్తుల్లో మిగిలిన గుల్లల్లో ఫంగస్ బంతిలా పెరగొచ్చు. కళ్ళెలో నెత్తురు పడితే టీబీ తిరగబెట్టిందని అనుకుని ఊరుకోకుండా స్కానింగు చేయించుకోవాలి.

ప్రశ్న: మా తాతల నాటి పెంకుటిల్లు. గోడల అడుగున మూడడుగుల దాకా తెల్లటి పొడి రాలుతోంది. ఇదీ బూజేనా?
– ఒక పాఠకుడు, తెనాలి దగ్గర పల్లె

జవాబు: కాకపోవచ్చు. కొంచెం పొడి మీద నీటి చుక్క వేయండి. కరిగిపోతే ఉప్పు, కరగకుండా నూగులా తేలితే బూజు. నల్ల మచ్చలకైతే వేరే కిటుకుంది. బ్లీచింగ్ నీళ్ళ చుక్క వేస్తే బూజు రెండు నిమిషాల్లో వెలిసిపోతుంది, దీపపు మసి వెలవదు. పూజగదిలో మసిని బూజనుకుని కంగారుపడేవాళ్ళు ఉన్నారు.

మీ గోడకు పునాది దగ్గర తేమను ఆపే పొర లేదు. నేలలోని నీరు ఒత్తిలో నూనెలా పైకి పాకి, ఆవిరైపోతూ ఉప్పును వదులుతోంది. గోడకు ఆనించి పోసిన మట్టి, పూలమొక్కల పాదులు ముందు తీసేయండి. బయటి నేల లోపలి నేల కంటే కనీసం ఆరంగుళాలు కిందికి ఉండాలి. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడకుండా గట్టర్ పెట్టించండి. చాలా ఇళ్ళల్లో దీంతోనే సగం తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే ఇటుక వరుస మధ్య సున్నపు అతుకులో నాలుగైదు అంగుళాలకొకటి చొప్పున రంధ్రాలు చేసి నీటిని వికర్షించే సిలేన్ క్రీము ఎక్కిస్తారు. తడి ఎక్కిన గీతకు పైన అడుగు దాకా పాత పూత తీసేయాలి, ఉప్పంతా అందులోనే ఉంటుంది. సిమెంటు పూత మాత్రం వేయించకండి. కింద ఆగిన నీరు ఇంకా పైకెక్కుతుంది. మీ పెద్దలు ఏటా సంక్రాంతికి సున్నం వేయడంలో అర్థముంది. కొత్త సున్నం క్షారానికి బూజు బతకదు, గోడలోని తడినీ అది బయటికి పోనిస్తుంది.

ప్రశ్న: మేం ఇంగ్లండులో అద్దెకుంటున్నాం. చలికాలం రాగానే కిటికీల చుట్టూ నల్లగా బూజు. కిటికీ తెరిస్తే చలి, మూస్తే బూజు.
– ఒక పాఠకురాలు, మాంచెస్టర్

జవాబు: విశాఖ వారికి చెప్పింది మీకు తిరగేసి చదువుకోవాలి. అక్కడ చలికాలపు గాలిలో నీరు చాలా తక్కువ. 5 డిగ్రీల గాలి లోపలికొచ్చి 18 డిగ్రీలకు వెచ్చబడితే దాని తేమ 40 శాతం లోపుకు దిగుతుంది. కాబట్టి రోజుకు రెండుసార్లు పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు పూర్తిగా తెరవండి. కిటికీ పైన ఉండే సన్నటి ట్రికిల్ వెంట్లు మూయొద్దు. రేడియేటరు మీద ఒక విడత బట్టలు ఆరేస్తే రెండు లీటర్ల దాకా నీరు గదిలోకి పోతుంది. కుక్కరు, ఇడ్లీ పాత్ర పెట్టినప్పుడు వంటింటి తలుపు మూసి ఎగ్జాస్ట్ వేయండి. పొద్దున అద్దాల మీది నీటిని తుడిచి గుడ్డను సింకులో పిండండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే లోపం ఇంటిది. 2020లో రాచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ బిడ్డ ఇంటి బూజు వల్లే చనిపోయాడని విచారణలో తేలింది. ఆ పేరుతో వచ్చిన చట్టం ఇంగ్లండులో సోషల్ హౌసింగ్ ఇళ్ళకు, అంటే కౌన్సిళ్ళు, హౌసింగ్ సంఘాలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళకు, 2025 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రమాదకరమైన చెమ్మ, బూజు ఫిర్యాదును పది పనిదినాల్లో పరిశీలించాలి, ప్రమాదమని తేలితే ఐదు పనిదినాల్లో సురక్షితం చేయాలి. మీది ప్రైవేటు అద్దె అయితే తేదీతో ఫొటోలు తీసి యజమానికి ఈమెయిల్ రాయండి, కదలకపోతే కౌన్సిల్ పర్యావరణ ఆరోగ్య విభాగానికి. నోటిమాటగా చెప్పింది ఏదీ లెక్కలోకి రాదు.

ప్రశ్న: ఆవకాయ జాడీలో పైన బూజు వచ్చింది. పైది తీసేసి కిందిది తినొచ్చా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: వద్దండి. కంటికి కనిపించేది పై నూగు మాత్రమే, పోగులు లోపలికి దిగి ఉంటాయి. బూజు పట్టిన వేరుశనగపప్పులదీ అదే సంగతి, అందులోని అఫ్లాటాక్సిన్ వేయించినా పూర్తిగా పోదు. వచ్చే ఏడు ముక్కల మీద వేలెడు నూనె తేలేలా చూడండి, తడి గరిటె పెట్టనివ్వకండి.